గొంతు కోసి చూడాలి

ఒళ్లంతా ముళ్లున్న సముద్రపు పురుగులను కుటుంబాలుగా విడదీయడం ఆమె పని. కోరలుంటే ఒక కుటుంబం, లేకపోతే ఇంకొకటి. చచ్చేటప్పుడు అవి కోరలను గొంతులోకి లాగేసుకుంటాయి. అందుకే ల్యాబు పెద్దయిన మేనమామ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు: "గొంతు కోసి చూడకుండా చీటీ రాయకే అమ్మాయ్!"

ఆ రోజు బద్ధకించి, పురుగులున్న ముప్పై సీసాల మీదా "కోరలు లేవు" అని రాసేసింది. రాత్రి మనసు పీకుతుంటే దిద్దడానికి తిరిగొచ్చింది.

ల్యాబులో లైటు వెలుగుతోంది. "మావయ్యా, తిట్టకు. తప్పు నాదే," అంది గుమ్మంలోంచే.

గాజు మీద గోరు గీస్తున్న చప్పుడు వినిపించింది.

సీసాల మూతలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. లోపల ఒక్క పురుగూ లేదు.

మావయ్య కోత బల్ల మీద వెల్లకిలా ఉన్నాడు. గడ్డం నుంచి గుండె దాకా నిలువునా ఒకటే కోత. చర్మాన్ని రెండు పక్కలకూ మడిచి గుండుసూదులు గుచ్చారు. నెత్తురు బల్ల అంచు నుంచి ఇంకా కారుతోంది. ఛాతీ మీద సిరా ఆరని చీటీ: "కోరలు లేవు."

ఇది రాసినవాళ్లు మాత్రం బద్ధకించలేదు.

పక్కనే ఇంకో చీటీ ఉంది. పైన ఆమె పేరు రాశారు. కోరల గడి ఖాళీగా వదిలేశారు.

గోటి చప్పుడు సరిగ్గా ఆమె వెనకే ఆగింది.