ప్రసన్న మొదటి జీతం

ఆరాధనకు ఇంకా అరగంట ఉంది. బెంచీల మీద పాటల పుస్తకాలు సర్దుతున్న జయరాజు, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడిన మనిషిని చూశాడు. యాభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా. మూటలు మోసి మోసి మెడ వెనక చర్మం మొద్దుబారిపోయింది.

"ఎవరప్పా? ఎప్పుడూ చూడలేదే."

"మత్తయి అంటారు సార్. మాది ఆళ్లగడ్డ. రైసుమిల్లులో హమాలీని. నా కూతురు ప్రసన్న మొదటి జీతం తెచ్చినా. కానుకగా ఇస్తాము. పాస్టరు గారు ఆ పాప పేరు పెట్టి ప్రార్థన చేయల్ల."

జయరాజు ముఖం విప్పారింది. ఆయన ఆ నంద్యాల చర్చికి కోశాధికారి. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఎవరి పిల్లలకు ఉద్యోగం వచ్చినా తన పిల్లలకు వచ్చినట్టే ఉంటుంది ఆయనకు. మత్తయిని ఫ్యాను కింద కూర్చోబెట్టి, తన సీసాలోని నీళ్లిచ్చాడు.

"ఏం ఉద్యోగం?"

"నర్సు సార్. బెంగళూరులో."

జయరాజు కవరు విప్పి చూశాడు. "పద్నాలుగు వేల రెండు వందలేనా?"

"నెల నిండలేదు సార్. ఇరవై రెండు దినాలకు ఇచ్చినారు."

"మొత్తం ఇస్తాండావా?"

"మొత్తం."

"మరి పాప యాడ? ఎవరి జీతమైతే వాళ్లే వచ్చి మోకరించడం మా పద్ధతి."

"రాలేదు సార్."

"కొత్త ఉద్యోగం. సెలవు యాడ ఇస్తారులే," అని ఆయనే జవాబు చెప్పుకున్నాడు. మరుక్షణం అనుమానం వచ్చింది. "ఆళ్లగడ్డలో చర్చీలు లేవా? ఇంత దూరం ఈడికెందుకొచ్చినావు?"

మత్తయి నీళ్ల సీసా మూత బిగించాడు. మళ్లీ బిగించాడు.

"మా పాస్టరయ్యకు ఇయ్యబుద్ధి కాలే సార్. మూడేండ్లు నా కూలి పాప ఫీజులకే సరిపోయె. దశమభాగం ఇయ్యలేకపోతిమి. ఆ మాట అందరి ముందర చెప్పినాడాయన. దేవునిది ఎగ్గొట్టిన ఇంట్లో దేవుడే ఇంకో రకంగా వసూలు చేసుకుంటాడన్యాడు."

"ఆదివారం పూట అట్లంటారా ఎవరన్నా?"

"ఆదివారం కాదు సార్. మంగళవారం."

ఉపవాస ప్రార్థనలో అని ఉంటాడనుకున్నాడు జయరాజు.

"పాప నర్సింగులో చేరిన దినం ఇంట్లో ముగ్గురమూ మోకరించినాము సార్. నీ భాగం కొన్నాళ్లు ఆపుకుంటాం తండ్రీ, పాప మొదటి జీతం రూపాయి తీయకుండా నీకే ఇస్తామని మాటిచ్చినాము. ఆ మాట తీరాల. దొంగోన్ని అనిపించుకొని నేను ఉండలేను."

జయరాజు కవరు పక్కన పెట్టాడు. పోయినేడు ఇదే చర్చిలో ఒక తండ్రి, కొడుక్కి చెప్పకుండా వాడి జీతం ఇచ్చేశాడు. మరుసటి వారం ఆ కొడుకొచ్చి గేటు దగ్గర జయరాజు చొక్కా పట్టుకున్నంత పని చేశాడు.

"పాపకు ఒకసారి ఫోన్ చెయ్యి. ఒక్క మాట అడుగుతా."

"ఇప్పుడు ఎత్తదు సార్."

"డ్యూటీలో ఉంటాదా?"

మత్తయి తల వంచుకున్నాడు. దాంతో జయరాజు అనుమానం గట్టిపడింది.

"చూడప్పా, పదో వంతు తీసుకుంటా. మిగిలింది పాపకు పంపు. వయసులో ఉండే పిల్ల. ఒక మంచి జత గుడ్డలన్నా కొనుక్కోవద్దా?" నోట్లు మత్తయి జేబులో కుక్కాడు.

మత్తయి వాటిని బయటికి తీసి, మడతలు సాపు చేసి, మళ్లీ ఆయన ముందు పెట్టాడు. "గుడ్డలు కొన్యాము సార్. తెల్లవి, కొత్తవి. ఆ పాపకేమీ కొదవ చేయలేదు."

"కూతురి కష్టంతో నువ్వు పేరు కొట్టేద్దామని చూస్తాండావా?"

"నా పేరు చదవద్దు సార్. ఆ పాపదే చదవండి."

జయరాజు నోట్లు మళ్లీ కవరులో పెట్టాడు. కవరు తీసుకొని లోపలికి వెళ్లాడు.

కానుకల వేళ పాస్టర్ అజయ్ కుమార్ మైకులో పిలిచాడు. మత్తయి ఒక్కడే ముందుకెళ్లి మోకరించాడు. పాస్టర్ కవరు మీద చేయి ఉంచి చాలాసేపు ప్రార్థన చేశాడు. ప్రసన్నకు జీతం పెరగాలన్నాడు. మంచి భర్త, పిల్లలు కావాలన్నాడు. ఆమె నూరేళ్లు చల్లగా బతకాలన్నాడు. చర్చి అంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది.

తిరిగి వచ్చి కూర్చున్న మత్తయికి పక్క బెంచీలోని ముసలామె తన చేతిరుమాలు అందించింది. "ఊరుకో నాయనా. ఇంత మంచి మాటకు కూడా ఏడుస్తారా?"

ఆరాధన అయ్యాక జయరాజు తన స్కూటర్ మీద మత్తయిని బస్టాండులో దింపాడు. ఇందాకటి మాటలకు ఆయనకు సిగ్గుగా ఉంది. "పాప వచ్చినప్పుడు మా ఇంటికి తీసుకొని రా. భోంచేసి పోదురు," అన్నాడు.

మత్తయి రెండు చేతులూ జోడించి బస్సెక్కాడు. శిరివెళ్ల దాటేదాకా ఆ ముసలామె రుమాలు గుప్పిట్లోనే ఉంది.

ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి భార్య ఎస్తేరు ఎదురుచూస్తోంది.

"తీసుకున్యారా?"

"తీసుకున్యారు."

"పేరు పెట్టి చేసినారా ప్రార్థన?"

"పేరు పెట్టే. రెండుసార్లు అన్యాడు."

"ఏమని చేసినారు?"

"నూరేళ్లు బతకాలని."

ఎస్తేరు కొంగు తల మీదికి లాక్కుంది. ఇద్దరూ నడిచారు.

ఇంటి సందు దాటిపోయి, ఆ మాట ప్రసన్నకు చెప్పడానికి, సమాధుల దొడ్డి గేటు తీశారు.