ముప్పైఏడుకి ఎన్ని వరసలు?

"ముప్పైఏడు మందా? వరసలు సమానంగా రావు. ఆ కొత్తపిల్లని పక్కన కూర్చోబెట్టండి. ఆరేసిమంది చొప్పున ఆరు వరసలు!" అన్నాడు హెడ్‌మాస్టర్, క్లాసు ఫొటోకి టై సర్దుకుంటూ.

"పాపం, నిన్నే చేరింది సార్," అంది లెక్కల టీచర్.

"అందుకే. మొన్నటిదాకా లెక్క సరిగ్గానే ఉంది."

కొత్తపిల్ల మెల్లగా అడిగింది. "టీచర్, ఎవరు తప్పుకున్నా ముప్పైఆరే కదా?"

టీచర్ హెడ్‌మాస్టర్ వైపు తిరిగింది. ప్రధాన సంఖ్యని ఒకటీ, ఆ సంఖ్యా తప్ప మరేదీ భాగించదని పొద్దున పాఠం చెప్పింది తనే.

"సార్, ముప్పైఏడుని ఒకటి భాగిస్తుంది. అందరూ ఒకే వరస."

"మీ పాండిత్యానికో దండం. నా కుర్చీ మాత్రం ముందు, మధ్యలో వేయించండి."

ఫొటోగ్రాఫర్ గేటు దాకా వెనక్కి నడిచాడు. ఫొటోలో పిల్లలందరూ పట్టారు. హెడ్‌మాస్టర్ ఆవగింజంత పడ్డాడు.