దూరం లెన్సు

"ఈ లెన్సు నీకొద్దు తల్లీ. నా మాటిను," అంటూ శ్రీరామ్మూర్తి ఆ పొడుగాటి జూమ్ లెన్సుని మళ్ళీ అద్దాల బీరువాలో పెట్టబోయాడు.

గౌరీశ్వరి దాని మీద చెయ్యి వేసి ఆపింది. "అదే కావాలండి."

వన్ టౌన్‌లో ముప్ఫయ్యేళ్ళుగా కెమెరాల కొట్టు నడుపుతున్న మనిషి శ్రీరామ్మూర్తి. రీళ్ళు పోయి డిజిటల్ కెమెరాలొచ్చినా, కొనేవాళ్ళ తీరు మాత్రం మారలేదని అతని బాధ. ఎవరి మెడలోనో పెద్దది చూస్తారు, వచ్చి పెద్దదే అడుగుతారు.

"ఏటి తీత్తావమ్మా దీంతో? ఓడలా, పిట్టలా?"

"మా బాబునండి."

శ్రీరామ్మూర్తి పకపకా నవ్వాడు. "పిల్లడిని తియ్యడానికి ఇంత ఫిరంగెందుకు తల్లీ! ఇదుగో, ఈ పొట్టి లెన్సు సూడు. నాలుగడుగుల్లో కూసోబెట్టి తీసేవనుకో, కనురెప్ప మీద వెంట్రుకలు లెక్కెట్టొచ్చు. ఎనకాల గోడా గీడా అన్నీ మసకైపోయి, పిల్లడి మొకం ఒక్కటే ఎలిగిపోద్ది."

గౌరీశ్వరి పొట్టి లెన్సుని అరచేతిలోకి తీసుకుంది. "నాలుగడుగులంటే... ఇంతేనా?" అని తనకీ బల్లకీ మధ్య ఉన్న జాగాని చూపించింది.

"అంతే."

ఇంకాసేపు దాన్ని అలాగే పట్టుకుని, బల్ల మీద పెట్టేసింది. "మరి నూటయాభై అడుగుల దూరానికి?"

"అంత దూరం నుంచి పిల్లడినేటి తీత్తావు!"

గుమ్మంలో స్టీల్ ప్లాంటు యూనిఫాంలో నిలబడ్డ ఆమె భర్త గవర్రాజు గడియారం చూసుకున్నాడు. "బి షిఫ్టుకి టైమైపోతంది గౌరీ. ఆయన చెప్పిందే తీసుకో."

"మీరుండండి," అని ఆమె చేతిసంచీలోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న చిన్న కెమెరాతో తీసింది. అడుగున కాంపౌండు గోడ అంచు, దాని వెనక పెద్ద గ్రౌండు, ఆ చివర నువ్వుగింజల్లా తెల్ల యూనిఫాంల వరసలు.

"పోయినేడు ఆటలపోటీలప్పటిదండి. ఇందులో ఉన్నాడు మావోడు."

శ్రీరామ్మూర్తి కళ్ళజోడు పెట్టుకున్నాడు. చాలక భూతద్దం తీశాడు. ఒక్క మొహమూ ఆనలేదు. "ఎక్కడమ్మా?"

ఆమె ఫొటో వైపు చూడను కూడా లేదు. గోరు తీసుకెళ్ళి సరిగ్గా ఒక చుక్క మీద పెట్టింది. "మూడో వరసలో ఐదోవోడు. ఉమాశంకర్. నాలుగో తరగతి. ఎల్లుండి పరుగు పందెంలో ఉన్నాడండి. ఈసారన్నా మొకం కనపడాలి."

శ్రీరామ్మూర్తి ఇక నవ్వలేదు. జూమ్ లెన్సుని ఆమె ఎంచుకున్న కెమెరాకి బిగించి ఇచ్చాడు. "మెట్టు మీద నిలబడి, సందు చివర టీ బండి కాడున్నోడిని తియ్యి. సూద్దాం."

ఆమె తీసింది. తెర మీద మనిషి లేడు, మరక ఉంది.

"చెయ్యి వణుకుతంది తల్లీ. పొడుగు లెన్సుకి అదే గొడవ. మోచేతులు పొట్టకి ఆనించు. ఊపిరి బిగబట్టు. పరిగెత్తే పిల్లడు గనక, బొమ్మ సెదరకుండా షట్టరు స్పీడు ఐదొందలకి తగ్గనీకు."

ఆమె ఊపిరి బిగబట్టింది. రెండోది, మూడోది కూడా కదిలిపోయాయి. ఏడోసారికి టీ బండివాడి మీసం తెలిసింది, నుదుటి మీద చెమట కూడా తెలిసింది. ఆ తెరని ఆమె మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"ఇంత దగ్గరికొచ్చేత్తాడా!" అంది. అడిగింది శ్రీరామ్మూర్తినే అయినా, జవాబు కోసం ఆగలేదు.

"వత్తాడు. సాయంత్రం పందేలైతే వెలుతురు సాలదు. కాస్త ముందుకెల్లి, ఈ ఫ్లాషెట్టుకుని..."

"ఫ్లాష్ వద్దండి." ఆమె గొంతు గట్టిగా వచ్చింది. "ఎలుగు పడితే ఇటు సూత్తాడు."

"సూడాలి కదమ్మా! సూత్తేనే కదా ఫొటో!"

"సూడకూడదండి."

శ్రీరామ్మూర్తికి ఒళ్ళు మండింది. ఫ్లాషుని బల్ల మీద పెట్టేసి, కళ్ళజోడు తీసి ఆమెని ఎగాదిగా చూశాడు.

"కన్నకొడుకుని దొంగసాటుగా తియ్యడమేటి తల్లీ? మొన్న నా మనవరాలి ఆటలపోటీలకెల్తే, తల్లిదండ్రులందరికీ ముందు వరసలో కుర్చీలేసేరు. మీవోడి బళ్ళో వెయ్యరా?"

"ఏత్తారండి."

"మరింకేటి! దర్జాగా ఎల్లి ముందు కూసో. పందెం నెగ్గి పరిగెత్తుకొచ్చి మెడకి సుట్టుకుంటాడు కదా, అప్పుడు మీ ఆయన్ని ఈ పొట్టి లెన్సుతో తియ్యమను. ఆ ఫొటో గోడకెట్టుకుంటే ఇల్లంతా నిండుగా ఉంటది. తల్లివై ఉండి, గోడవతల నిలబడి తీత్తానంటావేటి? ఏం బాబూ, నువ్వైనా సెప్పవేటి మీ ఆవిడికి?"

గవర్రాజు వీధి వైపు తిరిగి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

గౌరీశ్వరి కెమెరా పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకుంది.

"ముందు వరసలో మా బావగారూ తోటికోడలూ కూసుంటారండి. పురిట్లోనే ఆడిని ఆల్ల ఒళ్ళో పెట్టీసాం. దగ్గరికెల్తే, ఆడు నన్ను పిన్నీ అని పిలుత్తాడు."