నోరు మూయించే డ్రిల్

"ఈ వార్త అచ్చు కావడానికి వీల్లేదు," అంది ప్రిన్సిపాల్ మిసెస్ ప్రూయిట్, ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసిన పేజీని బల్ల మీద పెడుతూ.

స్కూలు పత్రిక గదిలో పిల్లలందరూ బిగుసుకుపోయారు. పిజ్జా రోజున కూడా భోజనంలో పిజ్జా పెట్టలేదని అప్పటిదాకా గొణుగుతున్న కోల్టన్ కూడా నోరు మూశాడు. వాళ్ల మాస్టారు ఎల్డన్ విర్త్ మాత్రం లోలోపల చప్పట్లు కొడుతున్నాడు. తలుపు తట్టకుండా రావడమేమిటి, ఆ ఎర్ర సిరా ఏమిటి, పోయినేడాది కంటే ఎంతో మెరుగు.

కాన్సస్‌లోని ఆ చిన్న ఊళ్లో విర్త్ హైస్కూలు పిల్లలకు పత్రికా రచన నేర్పుతాడు. ఏటా ఏప్రిల్లో భావ ప్రకటనా స్వేచ్ఛ గురించి బల్ల గుద్ది మరీ పాఠం చెబుతాడు. ముందస్తు సాధనగా మంటలకో డ్రిల్, సుడిగాలికో డ్రిల్ ఉన్నప్పుడు నోరు మూయించడానికి మాత్రం ఎందుకుండకూడదని తనే ఒకటి కనిపెట్టాడు. పిల్లలకు తెలియకుండా ప్రిన్సిపాల్‌తో ముందే మాట్లాడుకుంటాడు. ఆవిడ ఊడిపడి ఏదో ఒక వార్తను ఆపేయమంటుంది. పిల్లలు విద్యార్థి పత్రికలకు రక్షణగా ఉన్న రాష్ట్ర చట్టం చూపించి ఎదురు తిరగాలి. ఇంతవరకూ ఒక్కరూ తిరగలేదు. సరే మేడమ్ అని బుద్ధిగా తీసేసేవారు. వాళ్లను అని ఏం లాభం, నేర్పింది ఎవరు మరి?

విర్త్ ధైర్యమంతా నల్లబల్ల ముందే. స్టాఫ్ రూములో కాఫీ చల్లారిందని చెప్పాలన్నా అటూ ఇటూ చూసి చెబుతాడు. పిల్లలు చాటుగా ఆయనకు పెట్టిన పేరు 'రేపు చూద్దాం'. ఈమధ్య ఆ పేరు మరీ ఎక్కువగా వినిపిస్తోంది, ఎందుకంటే పత్రిక ఎడిటర్ మారిసేలా రాసిన వార్త వారాల తరబడి ఆయన దగ్గరే నానుతోంది. సుడిగాలి వస్తే పిల్లలు తలదాచుకోవాల్సిన నేలమాళిగను ఫుట్‌బాల్ జట్టు పాత సామానుతో నింపేశారు. ఊరేగింపులో తిప్పిన కాగితపు అడవిదున్న కూడా అందులోనే పడుంది. పోయిన సుడిగాలి డ్రిల్లో తొమ్మిదో తరగతి పిల్లలు సగం మంది చోటు చాలక బయటే నిలబడ్డారు. అదీ వార్త, ఫొటోలతో సహా.

అందులో ప్రతి అక్షరమూ నిజమేనని విర్త్‌కు తెలుసు. కానీ ఆయన్ను వచ్చే ఏడాదికి ఉంచాలో పంపాలో స్కూలు బోర్డు తేల్చేది ఈ నెలాఖర్లోనే. చట్టం పిల్లల పక్షాన ఉంది, ఆయన పక్షానా ఉంది. ఆయన వెన్నెముకే ఎవరి పక్షానా లేదు.

ఈ సంగతులన్నీ ఆ మధ్యాహ్నం ఆయన మరిచిపోయాడు. విర్త్ రోజుల్ని క్యాలెండరు చూసి కాదు, భోజనాల గది వాసన చూసి గుర్తుపడతాడు. బీన్స్ కారం పులుసు, దాల్చినచెక్క బన్ను వాసన వచ్చిందంటే గురువారం. ఈ వారం గురువారమంటే డ్రిల్. బన్ను మీది తీపి మీసానికి అలాగే అంటుకుని ఉండగా హుషారుగా క్లాసుకొచ్చాడు.

ప్రిన్సిపాల్ చేతికి ఎలా చిక్కిందో గానీ, ఆవిడ కొట్టేసింది ఆ నేలమాళిగ వార్తనే. మారిసేలా లేచి నిలబడింది.

"తప్పుంటే చూపించండి మేడమ్, దిద్దుకుంటాం. తప్పు లేకపోతే ఆపే హక్కు మీకు లేదు. సారే చెప్పారు."

విర్త్‌కు ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్లకు ఒక పిల్ల లేచింది.

మిసెస్ ప్రూయిట్ ఆయన వైపు తిరిగింది. మెడ మీద నరం ఉబ్బి ఉంది. కాలేజీలో నాటకాలు వేశానని ఆవిడ ఎప్పుడో అంటే విర్త్ నమ్మలేదు. ఇప్పుడు నమ్మాడు.

"వచ్చే ఏడాది ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారో కాస్త ఆలోచించుకోండి, విర్త్ గారూ," అంది మెల్లగా.

ఈ ముక్క విర్త్ చెప్పింది కాదు, ఆవిడ సొంతంగా కలిపింది. ఎంత సరదా మనిషి. ఇన్ని వార్తలుండగా దీన్నే ఎంచుకుని నాటకమాడుతోందంటే దీని మీద ఆవిడకు ఏ కోపమూ లేదన్నమాట. అనవసరంగా ఇన్నాళ్లూ నిద్ర పాడుచేసుకున్నానే అని తనను తాను తిట్టుకున్నాడు. పొట్ట లోపలికి లాక్కుని లేచాడు.

"కుర్చీ మీది మేడమ్, కావాలంటే పట్టుకెళ్లండి. వార్త పిల్లలది, దాని జోలికి రాకండి."

మారిసేలా కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి, "ప్రెస్సుకి పంపేయనా సార్?" అని అడిగింది. రేపు చూద్దాం అంటాడని అందరికీ తెలుసు.

"ఇప్పుడే పంపు."

పంపేసింది. మిసెస్ ప్రూయిట్ తలుపు ధడాలున వేసి వెళ్లిపోయింది. కోల్టన్ చప్పట్లు మొదలుపెట్టాడు, మిగతావాళ్లు అందుకున్నారు. మారిసేలా కళ్లు తుడుచుకుంటూ, "మీ గురించి తప్పుగా అనుకున్నాం సార్," అంది.

విర్త్‌కు సిగ్గేసింది. ఇదంతా ఉత్త డ్రిల్లేనని అప్పుడే చెప్పేయాలి. కానీ ఆ చప్పట్లు బన్ను కంటే తియ్యగా ఉన్నాయి. చెబుదాంలే, రేపు చూద్దాం అనుకున్నాడు.

గంట కొట్టగానే పరుగున వెళ్లి వరండాలో ఆవిడను అందుకున్నాడు. మిసెస్ ప్రూయిట్ ఫోనులో స్కూలు బోర్డు అధ్యక్షుణ్ణి వెంటనే పిలవమంటోంది. నాటకం ఇంకా సాగదీస్తోందని విర్త్‌కు నవ్వొచ్చింది.

"అదరగొట్టారు మేడమ్. ఆ కుర్చీ మాటకు నాకే ఒక్క క్షణం చెమట పట్టింది. ఇంత బాగా డ్రిల్ ఎప్పుడూ జరగలేదు."

ఆవిడ ఫోను చెవి దగ్గర నుంచి దించి, ఆయన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"డ్రిల్ రేపు కదండీ."