వడ్ల మీద బ్రేకు

"ఒక్కొక్కటి విప్పి నాకు చూపియ్యి," అన్నాడు జనార్దన్‌రావు. "ఏది ఖరాబైందో నాకు తెలువాలె. తర్వాత మల్ల బిగిద్దువు."

మెకానిక్ తిమోతి చేతిలోని పాన కింద పెట్టాడు. ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చిన ఆ లాన్సర్‌ను చుట్టూ తిరిగి చూశాడు. ఇరవై ఏళ్ల పాత జపాన్ బండి. దాని ఇంజనుకు టర్బో బిగించింది తనే. ముందు చక్రాలకు పెద్ద బ్రేకులు వేసింది తనే. కరీంనగర్ మొత్తంలో ఇలాంటి బండి మీద చెయ్యి వేయగలిగేది తిమోతి ఒక్కడేనని ఉజ్వల్ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

ఉజ్వల్ జనార్దన్‌రావుకు ఒక్కగానొక్క కొడుకు. యాసంగి వరి కోతలప్పుడు సుల్తానాబాద్ దాటాక బండి అదుపు తప్పింది. రైతులు రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద జారి, పల్టీలు కొట్టి పొలంలో పడింది. వడ్ల దగ్గరున్న కూలీలు పరుగెత్తి వచ్చేసరికి తండ్రీకొడుకులిద్దరూ బండి బయట పడి ఉన్నారు. తండ్రికి కాలు విరిగింది. కొడుకు ఆస్పత్రి దాకా కూడా బతకలేదు.

ఊరంతా ఒకటే మాట. కుర్రతనం, ఉడుకు నెత్తురు, పైగా టర్బో బండి, ఇంకేం కావాలి? పరామర్శకు వచ్చినవాళ్లు కూడా తలా ఒక ముక్క అనిపోయారు. జనార్దన్‌రావు ఎవరికీ జవాబు చెప్పలేదు.

ఇప్పుడాయన షెడ్డులో స్టూలు వేసుకుని, చేతికర్ర మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

తిమోతి స్టీరింగు రాడ్డు విప్పి చూపించాడు. బాగానే ఉంది. బ్రేకు పైపులు చూపించాడు. ఎక్కడా కారిన జాడ లేదు. ఏది తీసినా ఆయన చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి, తిప్పి తిప్పి చూసి, జర మంచిగ చూడమనేవాడు.

తిమోతి భార్య క్యాథరిన్‌కు ఈ వాలకం నచ్చలేదు.

"ఆయన బండి బాగు చేపిచ్చుకునేటందుకు రాలే," అంది మొగుడితో. "నీ తప్పు పట్టేటందుకు వచ్చిండు. వద్దని చెప్పు."

చెప్పలేకపోయాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది. పైగా తడుముకోవలసిన భుజం ఒకటి నిజంగానే ఉంది.

ఆ బ్రేకులు వేసింది గుడ్ ఫ్రైడే నాడు. పక్కన నిలబడి ఉజ్వల్ ఒకటే తొందర. చర్చిలో సిలువ మీది ఏడు మాటల ఆరాధన మొదలవుతోందని క్యాథరిన్ ఫోన్ మీద ఫోన్. కుడి చక్రం పని పూర్తిచేసిన సంగతి గుర్తుంది. ఎడమ చక్రం దగ్గర బోల్టులు చేత్తో తిప్పిందీ గుర్తుంది. పానతో గట్టిగా బిగించాడా? ఎంత ఆలోచించినా ఆ ఒక్కటే గుర్తు రావడం లేదు.

ఆ పిల్లవాణ్ణి తనే చంపాడా? కేసు, జైలు, షెడ్డుకు తాళం, అవన్నీ తర్వాతి సంగతి. ఉజ్వల్ అతన్ని అన్నా అని పిలిచేవాడు.

ఎడమవైపు మడ్‌గార్డు నలిగి చక్రానికి అతుక్కుపోయింది. రేకు కోస్తే తప్ప లోపల ఏముందో కనబడదు. తిమోతి దాన్ని చివరికి ఉంచాడు. కావాలనే ఉంచాడు. కానీ విప్పడానికి వేరే ఏమీ మిగలని రోజు రానే వచ్చింది.

"గదొక్కటి ఉన్నది గదా," అన్నాడు జనార్దన్‌రావు కర్రతో చూపిస్తూ.

కటింగ్ మిషను అందుకున్నాడు. రేకు తెగింది. చక్రం ఊడివచ్చింది. లోపలంతా ఎండిన బురద, అందులో ఇరుక్కున్న వడ్లగింజలు.

తిమోతికి ఒక అలవాటుంది. బోల్టు పూర్తిగా బిగించాకే, దాని తల మీదుగా పక్కనున్న ఇనుము మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తాడు. గీత ఉంటే బిగించినట్టు. గీత చెదరకపోతే బోల్టు కదలనట్టు.

గుడ్డ కిరసనాయిల్లో ముంచి తుడిచాడు. ఏమీ కనబడలేదు. మళ్లీ తుడిచాడు. లోలోపల ప్రార్థన చేసుకుంటుంటే చిన్నప్పటినుంచీ వచ్చిన మాటలు కూడా తడబడుతున్నాయి.

తెల్ల గీత. పై బోల్టు మీద ఒకటి, కింది బోల్టు మీద ఒకటి. రెండూ తిన్నగా ఉన్నాయి.

తిమోతి అక్కడే కూలబడి ఏడ్చాడు.

"చూడుండ్రి సార్," అన్నాడు కాసేపటికి. "నా పనిల తప్పు లేదు. బ్రేకులు మంచిగనే పట్టినయ్."

జనార్దన్‌రావు మొహం పాలిపోయింది. కర్ర ఊతంతో లేచి, వంగి చూశాడు.

"ఇంకోసారి చూడు. ఏదో ఒకటి ఉండాలె. లేకుంటె ఎట్ల?"

తిమోతికి ఒళ్లు మండింది. ఇన్నాళ్ల భయం ఒక్కసారిగా కోపమైంది. తప్పు లేదని తేలాక కూడా తప్పు వెతుకుతున్నాడే ఈ పెద్దమనిషి! వడ్ల మీద బ్రేకు తొక్కకూడదని, ఎక్సలేటరు వదిలేసి స్టీరింగు కదపకుండా పట్టుకుంటే బండి దానంతటదే దాటిపోతుందని కోతలు వచ్చినప్పుడల్లా ఉజ్వల్‌కు చెప్పాడు. పక్కన కూర్చోబెట్టుకుని చేసి చూపించాడు కూడా. అంత నేర్పినా వినకపోతే ఎవరేం చేస్తారు?

పోయినవాణ్ణి అనకూడదు. అయినా అనేశాడు.

"బండి తప్పు లేదు సార్. నా తప్పు లేదు. వడ్ల మీద బ్రేకు తొక్కి పానం మీదికి తెచ్చింది నడిపినోడే."

జనార్దన్‌రావు మెల్లగా మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు.

"మావోడు వద్దంటున్నా వినకుంట, ఆ దినం స్టీరింగు పట్టింది నేను తిమోతీ," అన్నాడు.