విప్పిన కుట్లు

"ఇది నువ్వు కుట్టావా, కోడి కెలికిందా?" అత్తగారు బొంతను కళ్లద్దాలకు ఆనించినంత దగ్గరగా పట్టుకుని చూసింది. "విప్పు. ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా విప్పాల్సిందే."

కోడలు చిన్న కత్తెర అందించింది. అత్తగారు దారం కొసను గోటితో లేపి, పుటుక్కున తెంచింది. మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే వణికే ఆ చేతులు ఈ పనిలో మాత్రం వణకవు.

సోఫా అంచున కూర్చున్న ఆడపడుచు గడియారం చూసుకుంది. ఆమె వచ్చి గంటయింది. రాగానే "అమ్మా, నేనే" అని పక్కన కూర్చుంటే, అత్తగారు కన్నకూతుర్ని ఎగాదిగా చూసి, "కొలతలివ్వడానికొచ్చారా?" అని అడిగింది. మళ్లీ అటు చూడలేదు.

"మూణ్ణెల్లయింది మరదలా," అంది ఆడపడుచు. "మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లేలోపు ఇస్తానన్నావు. అది వెళ్లడమూ అయింది, మొదటి పరీక్షలు రాయడమూ అయింది. ఈ బొంత మాత్రం జానెడు పెరగలేదు."

"కొత్త పద్ధతి వదినా. కాగితం ముక్కల మీద గుడ్డ మడిచి, తేనెపట్టు గదుల్లా ఒకదానికొకటి అతకాలి. చెయ్యి తిరగడం లేదు."

"పోయిన నెల ఏదో వంపుల కుట్టు అన్నావు?"

"అదీ రాలేదు."

"రానివాటి జోలికెందుకు పోతావు తల్లీ? నాలుగు పలకల ముక్కలు నాలుగు అతికితే పోయేదానికి!"

అత్తగారు తలెత్తింది. "బాగా చెప్పారు. మూడు రోజుల్నుంచి నేర్పుతున్నా ఈ పిల్లకి. సూది ఎటు పట్టాలో తెలీదు గానీ సోకులన్నీ కావాలి! మూల దగ్గర దారం లాగితే గుడ్డ ముడుచుకుపోదూ? నేనీ వయసులో..."

మాట ఆగిపోయింది. తర్వాతి మాట కోసం గదంతా వెతికింది. దొరకలేదు. చూపు ఎటో పోయింది.

కోడలు చప్పున బొంతను ఇంకో వైపు తిప్పింది. "ఇది సరిగ్గా ఉందా అత్తయ్యా?"

"సరిగ్గానా? నీ మొహంలా ఉంది! మడత లోపలికి పోవాలి. అంచు ఇలా పైకి తేలితే రెండు ఉతుకులకే ఊడి చేతిలోకొస్తుంది." గొంతు మళ్లీ లేచింది. వేళ్లు కదిలాయి.

ఆడపడుచు కళ్లు ఒత్తుకుంది. "రోజూ ఈ తిట్లు ఎలా పడుతున్నావే?"

"మాట్లాడుతున్నారు కదా వదినా. ఈ పని లేని రోజు ముద్ద ముట్టరు. గోడకేసి చూస్తూ కూర్చుంటారు."

"డాక్టరేమంటాడు?"

"అన్నీ పోయాక కూడా చేతికి అలవాటైన పని కొన్నాళ్లు మిగులుతుందన్నారు. అదీ పోవడం మొదలైతే..."

ఆడపడుచు లేచింది. వెళ్తూ వెళ్తూ మంచం మీద పరిచిన నీలం బొంతను చేత్తో నిమిరింది. "చూడు, ఒక్క కుట్టు వంకర లేదు. అమ్మ చేతిపనంటే అదీ. పోనీలే, అమ్మాయికి బయటెక్కడైనా కుట్టించుకుంటాను. నిన్ను తప్పు పట్టి కాదు, అందరికీ అన్నీ రావు."

"అలాగే వదినా," అంది కోడలు. నీలం బొంత అంచును సరిచేసి, ఆమెను గుమ్మందాకా సాగనంపింది.

తిరిగి వచ్చేసరికి అత్తగారు కుర్చీలోనే కునుకు తీస్తోంది. కోడలు ఆమె వేళ్ల మధ్య నుంచి కత్తెరను మెల్లగా తీసింది. బొంతను కిటికీ వెలుతురులో పరిచి, విప్పిన చోట్లను ఒక్కొక్కటే తడిమి చూసింది. ఆరు. తిరగేసి మళ్లీ లెక్కపెట్టింది. ఆరే.

పొద్దున తాను కావాలని వేసిన తప్పు కుట్లు తొమ్మిది.