ముందు వెళ్ళేవాడి సోలు

దుకాణం తెరిచిననాడు షావుకారు చేతిలో ఉన్న సరుకు రెండు రకాలు. అటక నిండా రబ్బరు సోలు బూట్లు, నోటి నిండా ఒక మాట.

“మా బూటు తొడిగినవాడు ఏట్లో జారడు.”

బూట్ల కంటే ఆ మాటే ముందు అమ్ముడుపోయింది. ఏటికి అడ్డంగా మునిగీ మునగకుండా ఉన్న రాళ్ళ మీదుగా నడిచి, అవతలి మడుగులో గాలాలు వేసేవాళ్ళంతా ఆయన మెట్లెక్కారు. ఏళ్ళు గడిచినా ఒక్కరూ జారలేదు. మాట నిలబడింది, మాట మీద దుకాణం నిలబడింది.

ఒక పొద్దున ఒక ముసలాయన వచ్చి, పాత బూట్లు విప్పి బల్ల మీద పెట్టాడు.

“ఇలాంటివే, ఫెల్ట్ సోలువి కావాలి బాబూ.”

ఫెల్ట్ అంటే ఒత్తి ఒత్తి అట్టలా గట్టిపరిచిన ఉన్ని. షావుకారు బూటు తిరగేశాడు. మనిషి ముఖం కంటే ముందు సోలు చూడటం ఆయనకు అలవాటు. మడమలు చెక్కుచెదరలేదు. కాలివేళ్ళ దగ్గర మాత్రం సోలుతోపాటు పైతోలు కూడా అరిగి చిల్లులు పడింది.

నడిచేవాడి బూటు ఇలా అరగదు. పాకేవాడిదే అరుగుతుంది.

అప్పుడు తట్టింది. గాలాలవాళ్ళు ‘పీత’ అని పిలిచేది ఈయన్నే. అందరికన్నా ముందే ఏట్లో దిగి వంగి కనిపిస్తాడని, చేపల్ని బెదరగొడుతున్నాడని వాళ్ళ ఏడుపు.

“ఫెల్ట్ ఎందుకండీ? తడిస్తే బరువు. ఒడ్డునున్న మట్టంతా దానికే అంటుకుంటుంది. రబ్బరు తీసుకోండి, మనవాళ్ళంతా అవే తొడుగుతున్నారు.”

“వాళ్ళకు రబ్బరు చాలు. ముందు వెళ్ళేవాడికి చాలదు.”

“అంత ముందు వెళ్ళి ఏం పడుతున్నారేంటి? మీ సంచిలో ఒక్క చేప కూడా కనిపించదట!”

“నేను చేపలు పట్టను బాబూ. ఏట్లో చిన్న పనుంది.”

ఏట్లో చేపలు కాక ఇంకేం పనుంటుంది? షావుకారు అనుమానంగా చూశాడు.

గల్లాపెట్టె దగ్గరున్న ఇల్లాలు కల్పించుకుంది. “పెద్దాయన అంతగా అడుగుతున్నారు కదా, ఒక్క జత తెప్పిస్తే మన సొమ్మేం పోతుంది?”

“నువ్వూరుకో!” షావుకారు గొంతు తగ్గించాడు. “ఫెల్ట్ అమ్మానంటే, రబ్బరు జారుతుందని నేనే చాటింపు వేసుకున్నట్టు.”

గొంతు తగ్గించినా ముసలాయనకు వినబడనే వినబడింది. చిన్నగా నవ్వాడు.

“నీ మాట పోనివ్వనులే. ఆ రబ్బరువే ఇవ్వు.”

గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు.

“దట్టంగా పాచి పట్టిన రాయి మీద కూడా నిలుస్తాయంటావా?”

“మా బూటు తొడిగినవాడు ఏట్లో జారడు,” అన్నాడు షావుకారు.

కొద్ది రోజులకే బావమరిది కబురు మోసుకొచ్చాడు.

“విన్నావా బావా? పీత పడ్డాడు. తుంటి విరిగిందట. కూతురొచ్చి వాళ్ళ ఊరు తీసుకుపోయింది.”

“మన బూట్లేగా?” అంది ఇల్లాలు.

“జారింది బూటు కాదు, వయసు,” అన్నాడు షావుకారు.

ఆమె గల్లాపెట్టె మూత దబ్బున వేసి లోపలికి వెళ్ళిపోయింది.

నెల తిరిగింది. మొదట పోస్టుమాన్ జారాడు. తర్వాత బడి మేష్టారు. ఆపైన బావమరిదే నిలువునా తడిసి, కుంటుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

“జారదన్నావు?”

“సోలు అరిగి ఉంటుందిలే.”

“అరగడమేంటి! మొన్న నీ చేత్తో తాళ్ళు కట్టి మరీ తొడిగావు కదా! ఇక నీ గుమ్మం తొక్కేది లేదంటున్నారు బావా అందరూ. మా అక్క మొహం చూసి నేనొచ్చాను.”

మర్నాడు పొద్దున్నే షావుకారు కొత్త జత తొడుక్కుని తనే ఏట్లో దిగాడు. తప్పు బూటుదో, మనుషులదో తేలిపోవాలి.

మొదటి రాయి దాటాడు. రెండోదాని మీద కాలు పెట్టీ పెట్టకముందే బోర్లా పడ్డాడు. లేవబోతే మళ్ళీ జారింది. రాయి మొత్తం వేలెడు మందాన పాచి. ఇక చేసేది లేక, కాలివేళ్ళు తన్నిపెట్టి, మోకాళ్ళ మీద పాకాడు.

పాకుతూ పాకుతూ తన బూట్ల వంక చూసుకున్నాడు. మడమలు గాల్లో ఉన్నాయి. రాయికి రాసుకుంటున్నది వేళ్ళ దగ్గరి తోలు.

అక్కడే ఆగిపోయాడు.

రెండు రాళ్ళ సందున ఏదో ఇరుక్కుని ఉంది. లాగి చూశాడు. చెక్క పిడి ఉన్న ఇనుప బ్రష్షు. పళ్ళు తుప్పు పట్టాయి. పిడి మాత్రం చేతి పట్టుకు అరిగి నున్నగా ఉంది.

ఒడ్డు మీంచి ఎవరో అరిచారు.

“ఒరేయ్, పీత మళ్ళీ వచ్చాడ్రోయ్!”

షావుకారు ఫెల్ట్ జత తెప్పించాడు. కూతురి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ముసలాయన మంచంలోంచే ఆ బూట్లు అందుకుని, సోలు నిమిరి, తిరిగి ఇచ్చేశాడు.

“ఇక ఈ కాలు నేల మీద మోపితే గొప్ప. నీకు సరిపోతాయేమో చూసుకో.”

ఇప్పుడు దుకాణం కాస్త ఆలస్యంగా తెరుచుకుంటోంది. అటక మీది సరుకు మళ్ళీ మెల్లగా కదులుతోంది. బూటు గురించిన ఆ మాట మాత్రం షావుకారు నోట రావడం లేదు. గాలాలవాళ్ళు ఆయనకూ పాత పేరే పెట్టారు, పెట్టించుకున్నాడు.

చివరి లెక్కలో ఆయనకు మిగిలినవి వేళ్ళ దగ్గర అరుగుతున్న ఒక జత ఫెల్ట్ బూట్లు, ఒక తుప్పు బ్రష్షు, ఇన్నేళ్ళూ తన మాటను నిలబెట్టింది అందరికన్నా ముందు వెళ్ళి, మోకాళ్ళ మీద ఒక్కో రాయి పాచి గీకిన ఆ పీతేనన్న ఎరుక.